చల్లబడిన కూనకు పాలు పట్టరాదు

చలికాలము వచ్చినదనగా వీధి మలుపులలో, ఇసుకగుట్టల చాటున, కండ్లైనను తెరవని కుక్కకూనలు కుయ్యిమనుచు కనబడుట పరిపాటి; వాని తల్లి లారీక్రింద పడి చచ్చినదని విన్న పుణ్యాత్ముడెవడో ఇంటికి పరుగెత్తి, పాలలో సగము నీరు కలిపి, దూదితో ఆ నోట పిండుటయు, తెల్లవారునప్పటికి కూన కొయ్యబారియుండుటయు అంతే పరిపాటి. దయ ఉన్నది, పనుల వరుస తప్పినది.

పుట్టిన మొదటి రెండు మూడు వారములు కూన తన ఒంటివేడిని తాను నిలుపుకొనజాలదు. ఒడలు చల్లబడినపుడు ప్రేవుల కదలిక మందగించి, పోసిన పాలు అరుగక, పొట్ట ఉబ్బి ప్రాణము తీయును. కావున వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన నుంచి, మెల్లమెల్లగా వెచ్చబరచిన పిదపనే పాలమాట తలపెట్టవలెను.

ఆ పాలలో నీరు కలుపుట మరియొక అపచారము. ఆవుపాలలో కొవ్వు నూటికి 4 పాళ్లుండగా శునకక్షీరమున సుమారు 9 పాళ్లుండును. మాంసకృత్తులును రెట్టింపునకు తక్కువ కావు. పశువుల మందుల దుకాణములలో కూనలకై ప్రత్యేకమైన పాలపొడి దొరకును, వెల ఎక్కువయే అయినను. పసిబిడ్డను ఒడిలో పరుండబెట్టు అలవాటుచేత కూనను వెల్లకిల పట్టుకొన్నచో పొలమారి పాలు ఊపిరితిత్తులలోనికి పోవును గనుక, బోర్లనుంచి, తల కొంచెమెత్తి, పాలపీక నందింపవలెను. మొదటివారము రేయింబవళ్లు 2, 3 గంటలకొకమారు. పాలు పట్టిన పిమ్మట, తల్లి నాకినట్లు తడిగుడ్డతో తుడువనిదే అది మలమూత్రములు విడువలేదు. ఈ సేవకు ముక్కు మూసికొనువారు పెంపకమునకు పూనుకొనకుందురు గాక!

అయితే అనాథలని మనము ఎత్తుకొని వచ్చు కూనలలో అనాథలు కానివి లేకపోలేదు. తల్లి తిండికై పోయి యుండవచ్చును. చాటున కొన్ని గంటలు కనిపెట్టి చూచుట ధర్మము. కొన్నింటిని అనాథలుగా చేయుచున్నది మన పట్టణముల కుక్కలబండియే. సంతాననిరోధ శస్త్రచికిత్స చేసి కుక్కను పట్టిన చోటనే విడువవలెనని 2023 నాటి నిబంధనలు చెప్పుచున్నవి, మంచిదే. కాని కండ్లు తెరవని కూనలు చచ్చుటకు తల్లి ఒక్కనాడు లేకున్నను చాలును. భారతకథారంభమున సరమయను దేవశుని తన బిడ్డను కొట్టిరని జనమేజయ మహారాజునే నిలదీసినది. వీధికుక్కకు ఆ అవకాశము లేదు. బండి ఎక్కించుటకు ముందు ఆడకుక్క చన్నులు చూచుట నిమిషము పని. అవి పాలతో నిండియున్నచో, కూనలు గిన్నెలో తినుట నేర్చువరకు, అనగా ఆరేడు వారములు, దానిని ఆ వీధిలోనే విడిచి, గుర్తు వ్రాసికొని, మరల రావలెను.