ముర్రుపాల వేళ తల్లి ఎక్కడ?

తెలంగాణలో పది కాన్పుల్లో ఆరు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే ఎనిమిది దాటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. అదే సర్వేలో అంతగా చర్చకు రాని అంకె మరొకటి ఉంది: పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే.

ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు. సికింద్రాబాద్ నర్సింగ్‌హోముల్లో పురిటిగది బయట కాసేపు నిలబడితే చాలు. లోపల తల్లికి కుట్లు వేస్తుంటారు. టవల్‌లో చుట్టిన బిడ్డను అమ్మమ్మ చేతికిస్తారు. బిడ్డ ఏడుపు లంకించుకుంటాడు. "తల్లికి పాలు ఇంకా పడలేదమ్మా, డబ్బా తెప్పించండి" అంటుంది ఆయా. తండ్రి మెడికల్ షాపుకు పరుగెడతాడు. నిజానికి నడుముకు మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. నర్సు కాస్త సాయం పడితే అక్కడే బిడ్డను రొమ్ముకు చేర్చవచ్చు. తొలిరోజు బిడ్డ పొట్టకు ఒక్కోసారికి చెంచాడు ముర్రుపాలు చాలు.

ఆ చెంచాడులోనే ఊపిరితిత్తులకు కాపలా ఉంది. ముర్రుపాలలో దండిగా ఉండే ఐజీఏ ప్రతిరక్షకాలు ముక్కు, గొంతు, పేగుల లోపలి పొరలను అంటిపెట్టుకుని క్రిములను అడ్డుకుంటాయి. తల్లికి ఆ ఇంట్లో సోకిన క్రిములకు తగ్గ మందు ఆమె పాలలోనే తయారవుతుందన్నమాట. బ్రెజిల్‌లో జరిపిన అధ్యయనం 1987లో లాన్సెట్‌లో వచ్చింది. కేవలం తల్లిపాలు తాగిన పసివాళ్లతో పోలిస్తే, అవి అసలే అందనివాళ్లు శ్వాసకోశ జబ్బులతో చనిపోయే ముప్పు 3.6 రెట్లని అది తేల్చింది.

అలాగని తల్లిపాలు తాగితే ఉబ్బసమే రాదనడం అతిశయోక్తి. బెలారస్‌లో సుమారు 17,000 మంది తల్లీబిడ్డలతో చేసిన పరిశోధనలో, ఆరున్నరేళ్ల వయసు నాటికి ఉబ్బసం ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. ఉన్న మేలు చెబితే సరిపోతుంది, లేనిది కలపడం ఎందుకు?

ఇంటి అలవాట్లనూ వదిలిపెట్టలేం. స్నానం కాగానే పసిబిడ్డకు సాంబ్రాణి పొగ పట్టడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం ఇంకా ఉన్నాయి. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అదో రకం న్యుమోనియా. అయినా, నానమ్మలను తప్పుపట్టినంత తేలిగ్గా ఆసుపత్రులను ఎవరూ అడగరు.

హైదరాబాద్‌లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మొదటి ఆరు నెలలూ తల్లిపాలే పట్టాలని 2024 ఆహార మార్గదర్శకాల్లో మళ్లీ చెప్పింది. నెలలు నిండని పిల్లల కోసం నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి తల్లిపాల బ్యాంకు నడుస్తోంది. డబ్బాపాల ప్రకటనలనూ, ఉచిత శాంపిళ్లనూ నిషేధించే చట్టం 1992 నుంచీ ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ఉద్యోగినులకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, మోండా మార్కెట్‌లో కూరలమ్మే తల్లికి మాత్రం అదీ లేదు.

లేనిదల్లా జవాబుదారీ. పుట్టిన ప్రతి బిడ్డ బరువూ, పుట్టిన సమయమూ కేస్‌షీట్‌లో రాస్తారు. మొదటిసారి ఎప్పుడు, ఏ పాలు పట్టారో కూడా అందులోనే రాయించాలి. డబ్బాపాలు పడితే కారణం చూపి డాక్టరు సంతకం చేయాలి. జిల్లా వైద్యాధికారి తనిఖీకి వచ్చినప్పుడు మొదట తెరవాల్సింది ఆ పేజీనే.