పొరుగు రాష్ట్రం చలానా: మన ఊరి నుంచే వాదించుకునే వీలుండాలి

కర్నూలు, అనంతపురం జిల్లాల మిర్చి రైతులు మంచి ధర కోసం కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌కు సరుకు తీసుకెళ్లడం ఏళ్లుగా ఉన్నదే. అమ్మకం ముగించుకుని ఇల్లు చేరిన కొన్నాళ్లకు ఫోన్‌కు ఈ-చలానా వస్తుంది. సొంత బండైతే నేరుగా రైతుకే. బాడుగ బండైతే డ్రైవరు ఆ మొత్తాన్ని కూడా రైతు లెక్కలోనే వేస్తాడు.

నిబంధన మీరినవారికి జరిమానా వేయొద్దని మేము అనడం లేదు. 2019 చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు రూ.20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ.2 వేలు. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. నాలుగు బస్తాలు ఎక్కువ వేసి మిగుల్చుకునే బాడుగ దాని ముందు ఏపాటిది? ప్రాణాల మాట సరేసరి.

మా అభ్యంతరం వేరు. వర్చువల్ కోర్టుకు వెళ్లిన చలానాను తప్పు ఒప్పుకుని ఫోన్‌లోనే కట్టేయొచ్చు. ఒప్పుకోమంటే మాత్రం కేసు ఆ ప్రాంతపు మామూలు కోర్టుకు వెళుతుంది. వెయ్యి రూపాయల జరిమానా కోసం ఆదోని రైతు పనులు మానుకుని, ఛార్జీలు, వకీలు ఫీజు పెట్టుకుని రాష్ట్రం దాటి వాయిదాలకు తిరగగలడా? అందుకే తప్పు లేకపోయినా కట్టేస్తున్నాడు.

కోర్టు ప్రాంగణాల్లో ఈ-సేవా కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. పొరుగు రాష్ట్రం చలానాలపై అక్కడి నుంచే వీడియో ద్వారా వాదన వినిపించే వీలు కల్పించాలి. నోటీసు బండి రిజిస్ట్రేషన్ ఉన్న రాష్ట్రపు భాషలోనూ ఇవ్వాలి. ఇందుకు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, హైకోర్టులు చొరవ చూపాలని మేము కోరుతున్నాం.

అప్పటిదాకా మనం కొన్ని జాగ్రత్తలు పాటించాలి. డిజీలాకర్, ఎం-పరివాహన్‌లోని ఆర్‌సీ, లైసెన్సు చెల్లుతాయి, ఫోన్‌లో ఉంచుకోండి. రసీదు లేకుండా ఎవరికీ నగదు ఇవ్వొద్దు. మెసేజ్‌లోని లింకు నొక్కకుండా, ప్రభుత్వ ఈ-చలానా వెబ్‌సైట్‌లో బండి నంబరుతో చూసుకోండి. కెమెరా చలానా అయితే ఫొటోలో నంబరు, తేదీ, సమయం, చోటు సరిపోయాయో లేదో గమనించండి. 2021 ఆగస్టు నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అలాంటి నోటీసు 15 రోజుల్లోగా పంపాలి.

ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, డబ్బు కట్టకముందే ఆ కాగితాలతో సంఘం మండల కమిటీని కలవండి. ఒక్కో రైతు విడిగా కట్టి ఊరుకుంటే ఈ సమస్య ఎవరి లెక్కలోకీ రాదు.