ఇచ్చిపుచ్చుకొను చదువు

వేరువేరు దేశములందలి పాఠశాలల పిల్లలు అంతర్జాలము మూలమున ఒకరితో నొకరు ముచ్చటించుచు పరభాషలు నేర్చుకొను పద్ధతి నేడు పెక్కుచోట్ల సాగుచున్నది. విదేశపు పిల్లలతో మాటలాడినచో తమ బిడ్డల ఇంగ్లీషు బాగుపడునని తల్లులు సంతసించుచున్నారు. సంతసింపదగినదే. కాని యీ పొత్తులో మన బిడ్డ ఎదుటివారికి ఏమి యిచ్చునో అడుగువారు అరుదు. వాయనము పుచ్చుకొనుటయే కాని యిచ్చుట యెరుగని యిల్లాలిని పేరంటాండ్రు ఏమందురో మన చదువరులకు చెప్ప నక్కరలేదు.

ఈ తలంపు నిన్న మొన్న పుట్టినది కాదు. ఫ్రాన్సు దేశమున సెలెస్తె ఫ్రెనే యను ఉపాధ్యాయుడు 1920 తరువాతి దశాబ్దమున తన పల్లెబడిలో చిన్న అచ్చుయంత్రమును నెలకొల్పి, పిల్లలు తామే వ్రాసి తామే అచ్చువేసిన పుటలను దూరపు బడిపిల్లలకు తపాలలో పంపించుచుండెను. తన వ్రాత కొరకు ఎవరో కాచుకొని యున్నారని తెలిసిన పిల్లవాడు, బెత్తము లేకయే, తప్పులు దిద్దుకొనును. ఆ పద్ధతికి ప్రాణము అదియే. 1988లో న్యూయార్కు, మాస్కో పాఠశాలలను కంప్యూటరు ద్వారా కలిపినపుడు ఇంగ్లీషు, రష్యను రెండును నడచినవి. ఆ యత్నమునుండియే ఐయర్న్ అను సంస్థ పుట్టినది.

ఐరోపా కమీషను 2005లో ఈట్విన్నింగు అను ఏర్పాటును నెలకొల్పెను. ఇందు రెండు దేశముల ఉపాధ్యాయులు ఒక పనిని ఒప్పుకొందురు. పిల్లలు ఆ పని చేయు చోటికి పిలువబడనివారు రాజాలరు. తల్లులు మరువరాని విషయ మిది. మీ బడివారు పరదేశపు బడితో పొత్తు కుదిర్చినపుడు, అందు ఎవరెవరు ప్రవేశింపగలరు, పిల్లల ఛాయాచిత్రములు ఎవరెవరు చూడగలరు అని మొట్టమొదటనే అడుగుడు. అడిగినందుకు నొచ్చుకొను బడిని మేము నమ్మము.

మరియొక పద్ధతి టాండెము. ఇద్దరు కలిసి త్రొక్కు సైకిలుకు ఆ పేరు. ఇందు సగము కాలము నా భాష, సగము కాలము నీ భాష. ఒకమారు నేను గురువును, ఒకమారు నీవు. మాకు అన్నిటికంటె నచ్చిన దిదియే. తరగతిలో తెలుగు మాటలాడినందుకు చీవాట్లు తిన్న పిల్లవాడు, ఆ తెలుగుకే మరియొకరికి గురువగుట ఎంతటి మార్పు!

తెలుగు కావలసిన విదేశపు పిల్లలు ఎక్కడ దొరకుదురందురా? అమెరికాలో పెరుగుచున్న మన అక్కచెల్లెండ్ర బిడ్డలు లేరా? వారికి తెలుగు నేర్పుటకు సిలికానాంధ్ర మనబడి 2007 నుండి పాటుపడుచున్నది. అయినను వీడియోలో అమ్మమ్మ కనబడగానే రెండు ముక్కలు పలికి పరుగెత్తు పిల్లలు ప్రతి బంధువర్గమునను కలరు. అమ్మమ్మతో మాటలాడుటకు వారికి విషయము లేదు. తమ యీడువానితో నున్నది. ఇచ్చటి యెనిమిదవ తరగతిని అచ్చటి తెలుగు తరగతితో జతచేసి, ఒక వారము తెలుగున, ఒక వారము ఇంగ్లీషున నడిపినచో ఇరువురికిని లాభమే.

కాలభేదము చిక్కే. న్యూయార్కున ఉదయము పది గంటలగునప్పటికి మనకు రాత్రి ఏడున్నరయో ఎనిమిదిన్నరయో యగును. కనుక ముఖాముఖిగా మాటలాడుట నెల కొకమారు చాలును. తక్కినది వ్రాతలోనే జరుగవలెను. వ్రాతలో ఆలోచించుకొనుటకు తీరికయుండును. మరయంత్రముచేత అనువదింపించి పంపుట మాత్రము కూడదు. అట్లయిన యంత్రములు రెండును మాటలాడుకొన్నట్లగును.

ఏమి వ్రాయవలెను? మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో 1997లో ఆరంభమైన కల్తురా అను పద్ధతి ఇందుకు దారి చూపుచున్నది. అది కళాశాలల వారిదే యైనను బడికిని తగును. అమెరికా విద్యార్థులు, ఫ్రెంచి విద్యార్థులు ఒకే మాట వినగానే తోచిన వానిని తమతమ భాషలలోనే వ్రాసి, పక్కపక్కన పెట్టి చూచుకొందురు. ఇండివిడ్యువలిజము అను మాటకు అమెరికావారికి స్వాతంత్ర్యము తోచగా, ఫ్రెంచివారికి స్వార్థపరత్వము తోచెను. నిఘంటువులో రెండు భాషలయందును ఒకటిగానే కనబడు మాట యది.

మన పిల్లలకు మే మొక మాట నిత్తుము: ఎంగిలి. ఇంగ్లీషున ఒక్క మాటలో చెప్పుట కష్టము. తల్లి కొరికి యిచ్చిన జామపండు బిడ్డకు ఎంగిలి కాదేల? అన్నదమ్ములకు లేని పట్టింపు అతిథికి ఏల? తెలంగాణమున బతుకమ్మ పండుగ తొలినాటిని ఎంగిలిపూల బతుకమ్మ యనుట ఏల? అక్కడి పిల్ల యివన్నియు అడుగును. మనవాడు తెలియక వంటయింటికి వచ్చి నాయనమ్మ నడుగును. ఆమెకు ముందుగా చెప్పి యుంచుడు.