మాటలు నేర్పే మనిషి ఇంటికే రావాలి

రెండేళ్లు నిండినా మాట రాని బిడ్డను చూసి మన పల్లెల్లో పెద్దలు చెప్పేది ఒకటే: "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి, తొందరేమిటి?" కొందరు వస అరగదీసి నాకిస్తారు. కొందరు నాలుక కింద తీగ కోయిస్తే చాలంటారు. ఇంకొందరు మొక్కులు మొక్కుతారు. ఇంతలో ఏళ్లు గడిచిపోతాయి. బడిలో వేసేనాటికి ఆ బిడ్డకు "మూగోడు" అన్న పేరు స్థిరపడుతుంది. చాలా సందర్భాల్లో లోపం నాలుకది కాదు, చెవిది. వినపడని మాటను ఏ బిడ్డా నేర్చుకోలేడు.

పుట్టే ప్రతి వెయ్యి మంది శిశువులలో ఒకరి నుంచి ముగ్గురి వరకు వినికిడి లోపంతో పుడుతున్నారని వైద్యుల అంచనా. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఈ ముప్పు మరింత ఎక్కువ. వీరుగాక గ్రహణం మొర్రి, ఆటిజం, బుద్ధిమాంద్యం వంటి కారణాలవల్ల మాట వెనుకబడిన పిల్లలూ ఉన్నారు. వీరందరికీ కాలమే ముఖ్యం. మెదడు భాషను సులువుగా పట్టుకునేది మొదటి మూడేళ్లలోనే. ఆ అదను తప్పితే తర్వాత పడే శ్రమ ఎన్నో రెట్లు. విత్తనం వేసే అదను తెలిసిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడానికి వీలులేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సలు జరిగాయి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు పరీక్షించాలి. మండలాల్లో భవిత కేంద్రాలు ఏర్పడ్డాయి. కదలలేని పిల్లల ఇళ్లకు అక్కడి ఉపాధ్యాయులు వెళ్లి చదువు చెబుతున్నారు. తీవ్ర వైకల్యంగల పిల్లలకు ఇంటివద్దనే చదువుకునే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాట, భాషల లోపాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది.

అయితే ఈ చట్టాలు చదువు హక్కు ఇచ్చేది ఆరేళ్లు నిండినవారికి. మాట నిలిచేదీ పోయేదీ మూడేళ్లలోపు. మధ్యనున్న ఈ గండిలోనే మన పిల్లలు జారిపోతున్నారు. లోపాన్ని కనిపెట్టి జిల్లా కేంద్రానికి వెళ్లమని చీటీ రాసిస్తే పని పూర్తికాదు. స్పీచ్ థెరపీ ఒక్క సూదితో ముగిసే వైద్యం కాదు. వారం వారం, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి సాగవలసిన సాధన. బొల్లాపల్లి నుంచో దొనకొండ నుంచో కూలి తల్లి ప్రతివారం పట్టణానికి పోవాలంటే బస్సు చార్జీలతోపాటు ఒక రోజు కూలి కూడా పోతుంది. రెండుమూడుసార్లు తిరిగి మానుకుంటే ఆమెను తప్పుపట్టలేము. లక్షలు ఖర్చుపెట్టి చెవిలో అమర్చిన యంత్రం కూడా శబ్దాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ శబ్దాన్ని మాటగా మార్చేది శిక్షణే.

అందుకే థెరపిస్టే ఇంటికి రావాలి. ఇంట్లో జరిగే శిక్షణకు పెద్ద సరంజామా అక్కరలేదు. బిడ్డ ముఖానికి ఎదురుగా కూర్చుని, పెదవుల కదలిక కనిపించేట్టు ప, బ, మ పలకడం, పాలు చేతికివ్వడానికి ముందు ఒక్క క్షణం ఆగి, బిడ్డ అడిగే ప్రయత్నం చేయనివ్వడం, "పాలు" అంటే "వేడి పాలు కావాలా?" అని మాటకు మాట చేర్చడం, గేదె, బుట్ట, దూది, మిరపకాయ అంటూ కళ్లముందున్న వస్తువులనే పాఠం చేయడం. థెరపిస్టు ఉండేది వారానికి ఒక గంట. మిగిలిన గంటలన్నీ ఇంటివారివి. ఇంటివారికి నేర్పడమే అసలు వైద్యం.

ఇక్కడొక చిక్కు ఉన్నది. పత్తితీతలు మొదలైతే, ఆపైన మిరప కోతలు ముగిసే వేసవిదాకా, పగలు ఇళ్లకు తాళాలే ఉంటాయి. పది గంటలకు వచ్చిన ఉద్యోగి రిజిస్టరులో సంతకం చేసుకుని వెళ్లిపోతే ప్రయోజనమేమిటి? ఈ నెలల్లో సందర్శనలు పొద్దుగూకిన తర్వాత జరగాలి. బిడ్డ రోజంతా నాయనమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉంటే శిక్షణ ఆమెకే ఇవ్వాలి. కోతలకు కర్నూలు వైపు నుంచి వలసవచ్చి గుడిసెలు వేసుకునే కూలీల పిల్లలు సొంత ఊరి లెక్కలోనూ, ఈ ఊరి లెక్కలోనూ చేరరు. వారినీ వెతికి పరీక్షించాలి.

ఇందుకు ప్రభుత్వం రెండుమూడు మండలాలకు ఒకరు చొప్పున అర్హతగల స్పీచ్ థెరపిస్టును నియమించి, ప్రయాణ భత్యం సక్రమంగా చెల్లించాలి. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ చదివి, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకున్నవారే ఈ పనికి అర్హులు. నాలుగు వారాల తరగతులకు హాజరైన వారితో సరిపెట్టడం తగదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆశా కార్యకర్తలకు మాత్రం లోపాన్ని ముందుగా పసిగట్టడంలో తర్ఫీదు ఇవ్వవచ్చు.

గ్రామస్థుల బాధ్యతా కొంత ఉన్నది. బిడ్డ వెనుక చప్పట్లు కొట్టినా తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా వస కోసం వెతకక, వెంటనే అంగన్‌వాడీలో చెప్పి చెవి పరీక్ష చేయించాలి. పరీక్షలో చెవులు బాగున్నా ఊరుకోక థెరపిస్టుకు చూపించాలి. పూర్తిగా వినిపించని బిడ్డకు సైగల భాష నేర్పడం నామోషీ కాదు, అదీ భాషే. అన్నిటికంటే ముందు ఆ బిడ్డను పేరుపెట్టి పిలవాలి. "మూగోడు" అని ఊరంతా పిలిచే బిడ్డ నోరు విప్పడానికి సిగ్గుపడతాడు.

చేను ఎండితే మరో పంట వేసుకోవచ్చు. బాల్యం రెండోసారి రాదు. వచ్చే పత్తితీతలకు ముందే అధికారులు ఈ నియామకాలు పూర్తిచేయాలి.