ఫిర్యాదు కూడా సాక్ష్యమే

బడిలో ఇచ్చిన పని చేసుకోవడానికి మన పిల్లలు ఇప్పుడు ముందుగా తెరిచేవాటిలో వికీపీడియా ఒకటి. ఒక ఊరి చరిత్ర కావాలన్నా, ఒక శాస్త్రవేత్త పుట్టిన తేదీ కావాలన్నా ఫోను తీసి అందులోనే వెతుకుతున్నారు. పెద్దలమైన మనమూ అదే పని చేస్తున్నాం. 2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలై, 2003 చివర్లో తెలుగులోకి వచ్చిన ఈ విజ్ఞాన సర్వస్వంలో చాలా పేజీలను ఎవరైనా దిద్దవచ్చు. అదే దాని బలం. బలహీనత కూడా అదే.

ఆ వెసులుబాటును ఆసరా చేసుకుని కొందరు ఒక వ్యక్తి పేరు పక్కన బూతు రాస్తారు. ఒక వర్గాన్ని తిడతారు. కష్టపడి రాసిన పేజీ మొత్తాన్ని తుడిచేస్తారు. తెలుగు వికీపీడియాలో దీనికి 'దుశ్చర్య' అని పేరు. అలాంటిది కంటపడినప్పుడు మనం చేస్తున్నదేమిటి? గబగబా ఫొటో తీసి, "చూశారా ఎంత ఘోరమో!" అంటూ వాట్సాప్‌లో పదిమందికి పంపుతున్నాం. కాసేపట్లో చెరిగిపోవలసిన రాతకు మన చేతులతోనే ఆయుష్షు పోస్తున్నాం.

2022 సెప్టెంబరు 4న దుబాయిలో జరిగిన ఆసియా కప్ మ్యాచ్‌ను గుర్తు చేసుకుందాం. పాకిస్తాన్‌తో ఆడుతూ మన బౌలర్ అర్ష్‌దీప్ సింగ్ ఒక క్యాచ్ వదిలేశాడు. మ్యాచ్ ఓడిపోయాం. ఆ రాత్రే ఎవరో అతని వికీపీడియా పేజీలో 'భారత్' అని ఉన్నచోట 'ఖలిస్తాన్' అని మార్చారు. అక్కడి స్వచ్ఛంద సంపాదకులు కొద్ది నిమిషాల్లోనే దానిని సరిచేశారు. కానీ అప్పటికే ఆ రాత ఫొటోల రూపంలో దేశమంతా తిరిగింది. వికీపీడియా ప్రతినిధులను కేంద్ర ప్రభుత్వం వివరణ అడిగేదాకా వ్యవహారం వెళ్లింది. అంతకు ఏడాది ముందు, 2021 అక్టోబరులో, పాకిస్తాన్ చేతిలోనే ఓడిన మరో మ్యాచ్ తర్వాత మహమ్మద్ షమీని సామాజిక మాధ్యమాల్లో ఎన్నెన్ని మాటలన్నారో మనం మరచిపోలేదు. ఆట ఓడితే దేశభక్తిని శంకించడం ఎంత నొప్పి కలిగిస్తుందో తెలిసిన వాళ్లం మనం. ఆ నొప్పి మన ఇంటివాడిదైనా, పొరుగింటివాడిదైనా ఒకటే.

"ఎవరో ఒకరు చూసుకుంటారులే" అని పేజీ మూసేయడం రెండో పొరపాటు. దీని ఫలితం ఏమిటో 2005లో అమెరికాలో తేలింది. జాన్ సీగెన్థాలర్ అనే పేరున్న పాత్రికేయుడి మీద, కెనెడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉందని అనుమానించారంటూ వికీపీడియాలో ఎవరో అబద్ధం రాశారు. సహోద్యోగిని ఆటపట్టించడానికి అలా రాశానని ఆ వ్యక్తి తర్వాత ఒప్పుకున్నాడు. నవ్వులాటకు రాసిన ఆ రాత దాదాపు నాలుగు నెలలు అక్కడే ఉండిపోయింది. ఎంత మంచి కాపలా ఉన్నా కొన్ని రాతలు దాని కళ్లు కప్పుతాయి. అక్కడ చదివేవాడి కన్నే కాపలా కావాలి.

మరి చేయవలసిందేమిటి? పని పెద్దదేమీ కాదు. ప్రతి పేజీకీ 'చరిత్ర' అని ఒకటి ఉంటుంది. ఏ మార్పు ఏ రోజు, ఏ గంటకు, ఏ ఖాతా నుంచి జరిగిందో అందులో నమోదై ఉంటుంది. ముందు అది చూడాలి. చెడగొట్టిన మార్పును రద్దు చేసి, ఎందుకు రద్దు చేశామో ఒక్క ముక్కలో రాయాలి. చేసినవాడి చర్చా పేజీలో మర్యాదగా హెచ్చరించాలి. కొత్తవాడు సరదాకి చేసి ఉంటే చాలాసార్లు అంతటితో ఆగిపోతాడు. ఆగకపోతే నిర్వాహకులకు తెలపాలి. తెలుగులో దీనికి రచ్చబండ ఉంది. ఇంగ్లీషులో ఇలాంటి ఫిర్యాదులకే ప్రత్యేకంగా ఒక పేజీ ఉంది. నిర్వాహకులు జీతగాళ్లు కారు, మనలాంటి స్వచ్ఛంద కార్యకర్తలే. ఏ పేజీ, ఏ మార్పు, ఎన్నిసార్లు హెచ్చరించారు అన్నది స్పష్టంగా చూపితే, వారు పరిశీలించి ఆ ఖాతాను నిరోధిస్తారు. అవసరమైతే కొంతకాలం ఆ పేజీకి రక్షణ పెడతారు. తిట్లతో నిండిన ఫిర్యాదు వారి సమయాన్ని తినడం తప్ప సాధించేదేమీ ఉండదు.

ఇక్కడే మనల్ని మనం నిలదీసుకోవలసిన మాట ఒకటుంది. మనకు నచ్చని ప్రతి వాక్యమూ దుశ్చర్య కాదు. తెలియక చేసిన తప్పు వేరు, అభిప్రాయభేదం వేరు, కావాలని చెడగొట్టడం వేరు. ఆధారంతో రాసిన వాక్యం మనకు చేదుగా ఉంటే, చర్చా పేజీలో అంతకంటే మంచి ఆధారం చూపి వాదించాలి. అంతేగాని దానిని తుడిచేసి, తిరిగి పెట్టినవాడి మీద 'దుశ్చర్య' అని ఫిర్యాదు చేస్తే అది అబద్ధపు సాక్ష్యమే అవుతుంది. నువ్వొకటి చెరిపితే నేనొకటి చెరుపుతానన్న పంతానికి కూడా అక్కడ హద్దు పెట్టారు. ఇంగ్లీషు వికీపీడియాలో 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఎదుటివారి మార్పులను రద్దు చేసినవారు నిరోధానికి గురికావచ్చు. స్పష్టమైన దుశ్చర్యను తొలగించేవారికి ఇందులో మినహాయింపు ఉంది. అందుకే ఆ మాటను ఆచితూచి వాడాలి.

సాక్ష్యం ఒక అమానత్ అని మన పెద్దలు చెబుతారు. సాక్షి చూసింది చూసినట్టు చెప్పాలి, చూడనిది కలపకూడదు. మనవాడికొక కొలత, పరాయివాడికొక కొలత పెట్టకూడదు. వికీపీడియాలో చేసే ఫిర్యాదుకూ ఇదే వర్తిస్తుంది. మనకు గిట్టని నాయకుడి పేజీలో బూతు కనబడినా, మనం అభిమానించే వారి పేజీలో కనబడినంత వేగంగానే చెయ్యి కదలాలి. అప్పుడే మన ఫిర్యాదుకు విలువ.

ఈసారి ఇంట్లో పిల్లవాడు "ఇక్కడెవరో చెడ్డమాట రాశారు" అని ఫోను చూపిస్తే, దాన్ని లాక్కుని మూసేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేజీ చరిత్ర తెరవండి. పాత రాతను తిరిగి పెట్టించండి. అబద్ధం ఎదురైనప్పుడు కేకలు వేయకుండా, మౌనంగా తప్పుకోకుండా, నిదానంగా నిజాన్ని నిలబెట్టడం ఎలాగో ఆ పది నిమిషాల్లో వాడు నేర్చుకుంటాడు.