కండెమ్ జాబితాలో టేకు కుర్చీ

శింగనమల చుట్టుపక్కల ఏ సర్కారు బడికైనా, ఏ పాత ఆఫీసుకైనా కొత్త బల్లలు దిగితే పాతవి ముందు వరండా చివరికి, తర్వాత వెనక గదిలోకి పోతాయి. కొన్నాళ్ళకు కండెమ్ జాబితా రాస్తారు, వేలం పాడతారు, గుజిరీ వ్యాపారి వచ్చి ఎత్తుకుపోతాడు. టేకు కుర్చీ, తుప్పుపట్టిన రేకు బీరువా ఆ జాబితాలో ఒకే పద్దు కింద ఉంటాయి. అంతా నియమం ప్రకారమే జరుగుతుంది, ఎవరి తప్పూ కనిపించదు. ఇలాగే నియమం తప్పకుండా నడుచుకుని చండీగఢ్ ఏం పోగొట్టుకుందో మన మండలాల్లో జాబితాలు రాసేవాళ్ళకు తెలియాలని నా కోరిక.

విభజనలో లాహోరు పాకిస్తాన్‌కు పోవడంతో ఇవతలి పంజాబుకు రాజధాని లేకుండా పోయింది. కొత్త నగరాన్ని రూపొందించే పని 1951లో లె కొర్బూజియే చేతికి వచ్చింది. ఆయన వచ్చిపోతుండేవాడు. ఊళ్ళోనే మకాం పెట్టి 1965 దాకా పనులు చేయించినవాడు ఆయన బంధువు పియర్ జానరే. సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయం, ఉద్యోగుల ఇళ్ళు, అన్నిటికీ వేలకొద్దీ కుర్చీలు, బల్లలు కావాల్సి వచ్చాయి. జానరే, ఆయనతో పనిచేసిన యూలీ చౌధురి వంటి మన దేశపు ఆర్కిటెక్టులు నమూనాలు గీశారు. చిన్న చిన్న కార్ఖానాల్లో వడ్రంగులు చేత్తో చేసిపెట్టారు.

ఆ ఆఫీసు కుర్చీని పక్కనుంచి చూస్తే రెండు కాళ్ళు పైన కలిసి కింద విడిపోయి, తలకిందులుగా రాసిన ఇంగ్లీషు 'వి' అక్షరంలా నిలబడి ఉంటాయి. చెయ్యి ఆనించుకునే పట్టె ఆ కొన మీద అడ్డంగా కూర్చుంటుంది. కూర్చునే చోట, వీపు ఆనే చోట పేము అల్లిక. ఎండాకాలం ఎంతసేపు కూర్చున్నా గాలి ఆడుతుంది. టేకు కనక చెదలకు అంత తేలిగ్గా లొంగదు. చేతిపని కనక ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ కొలతల్లో కాస్త తేడా ఉంటుంది. అల్లిక తెగితే మళ్ళీ అల్లించుకోవచ్చు, కాలు కదిలితే బిగించుకోవచ్చు. నులక మంచం, నవారు మంచం ఎరిగిన మనకు ఇందులో వింత లేదు. చట్రానికి గట్టి కొయ్య, ఒళ్ళు ఆనే చోట అల్లిక. ఈ పాత తెలివిని ఆఫీసు గదిలోకి తెచ్చి, మామూలు వడ్రంగి చేయగలిగేటట్టు గీయడమే జానరే చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం.

తర్వాత ఇనుప కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అల్లిక తెగిన టేకు కుర్చీలు మేడల మీద, పెరళ్ళలో గుట్టలు పడ్డాయి. ఎండకు ఎండి, వానకు తడిసి, చివరికి కండెమ్ అయి వేలానికి పోయాయి. పారిస్ నుంచి వచ్చిన పాత సామాను వ్యాపారులు వాటిని కొనుక్కుపోయి, సానబట్టి, పేము అల్లించి యూరప్, అమెరికా వేలంశాలల్లో పెడితే లక్షల రూపాయలు పలికాయి. ఈ సామాను అమ్మకూడదని, దేశం దాటించకూడదని కేంద్ర హోంశాఖ 2011లో ఆదేశించింది. అప్పటికే పోవలసినంత పోయింది. చట్టం కూడా అడ్డం రాలేకపోయింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ఇలాంటి చేతిపని వస్తువులకు వర్తించాలంటే వాటికి నూరేళ్ళు నిండాలి. అప్పటికి ఈ కుర్చీలకు అందులో సగం వయసు కాస్త అటూ ఇటూ.

యూరప్, అమెరికాల్లో వీటిని కొనేవాళ్ళు అసలేదో నకలేదో తేల్చుకోవడానికి ముందుగా చూసేది కుర్చీ మీద రంగుతో వేసిన అక్షరాలను. ఏ శాఖది, ఏ కళాశాలది, ఎన్నో నంబరుది అని ఒకప్పుడు గుమాస్తా వేయించిన రాత అది. మన ఆఫీసుల్లో బల్లల మీద తెల్ల పెయింటుతో కనిపించేది కూడా అలాంటిదే. ఇక్కడ ఎవరూ పట్టించుకోని ఆ రాత అక్కడ సాక్ష్యమై కూర్చుంది. కానీ అందులో శాఖ పేరుంది, కుర్చీ నంబరుంది, చేసినవాడి పేరు లేదు. వేలం కేటలాగుల నిండా జానరే పేరే. చౌధురి పేరు చాలా ఆలస్యంగా వినబడింది. రంపం పట్టినవాళ్ళ, చిత్రిక పట్టినవాళ్ళ పేర్లు దాదాపు ఎక్కడా రావు. డబ్బు పోయినందుకంటే దీనికే నాకు ఎక్కువ బాధ.

రెండో కథ మనకు ఇంకా దగ్గరిది. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో 'గోల్కొండ్' అనే వసతి భవనం ఉంది. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలు ఇచ్చింది కాబట్టి దానికి మన గోల్కొండ పేరు పెట్టారు. నేలకు పరిచింది నల్లని కడప బండ. నమూనా అంటోనిన్ రేమండ్‌ది. 1937లో కట్టుబడి మొదలైంది. దగ్గరుండి చూసుకున్నవాళ్ళలో జార్జ్ నకషిమా ఒకడు. జపాన్ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టినవాడు, అప్పటికి ముప్పై దాటాయి. ఆ గదులకు టేకు సామాను గీయడంతోనే అతని కొయ్యపని మొదలైంది. ఆ భవనం ఇప్పటికీ వాడుకలో ఉంది. వస్తువును ప్రాణమున్నదానిలా చూసుకుని వాడటం అక్కడి కట్టడి.

నకషిమా తిరిగి అమెరికా చేరాక, 1942లో, యుద్ధం రోజుల్లో, అక్కడి ప్రభుత్వం జపాన్ మూలాలవాళ్ళను పట్టి శిబిరాల్లో పెట్టింది. నకషిమా భార్యాబిడ్డలతో ఐడహో రాష్ట్రంలోని మినిడోకా శిబిరానికి చేరాడు. వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ, పొదలు తప్ప పెద్ద మాను కనిపించని మెట్ట. మన సీమవాళ్ళకు ఆ నేల వర్ణన చదివితే పరాయిగా అనిపించదు. అక్కడ గెంటారో హికోగావా అనే జపాన్ వడ్రంగి దగ్గర అతను శిష్యుడిగా కూర్చున్నాడు. మిగిలిపోయిన చెక్క ముక్కలు, ఎడారి పొదల కట్టె, వాళ్ళకు దొరికింది అదే. మరుసటేడు రేమండ్ పూచీ మీద విడుదలై పెన్సిల్వేనియాలోని న్యూహోప్‌లో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. పలక పగిలితే ఆ పగులును కోసి పారేసేవాడు కాదు. రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారంలో గట్టి కొయ్య బిళ్ళ చెక్కి, పగులుకు అడ్డంగా గాడి తొలిచి అందులో బిగించేవాడు. పగులు ఇక పెరగదు, కంటికి అందంగానూ ఉంటుంది. బల్ల అడుగున కొన్నవాళ్ళ పేరు సిరాతో రాయడం కూడా అతని అలవాటు. నకషిమా బల్ల అసలుదేనని తేల్చడానికి ఇప్పుడు ఆ రాత, కార్ఖానాలో దాచిన ఆర్డరు కాగితాలు ఆధారం.

మన పాత సర్కారు బల్లలకు పారిస్‌లో లక్షలు వస్తాయని నేను చెప్పడం లేదు. రావు. కానీ మన మెట్ట టేకు అడవుల నేల కాదు. ఆ బల్లల్లో ఉన్న టేకు ఎక్కడినుంచో మోసుకొచ్చింది. అంత ముదురు కొయ్య ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకడం కష్టం. దాన్ని గుజిరీకి వేసి, కొత్త బల్లలకు నిధులు అడగడం తూము ఎత్తిపెట్టి చెరువు నిండాలని చూడటమే.

చేయాల్సింది పెద్ద పని కాదు. కండెమ్ జాబితాలో ఇంకో రెండు గళ్ళు గీసుకోవాలి: ఏ కొయ్య, ఎవరు చేశారు. ఫోనులో ఒక ఫొటో తీసిపెట్టుకోవాలి. చేసినవాళ్ళ పేరు కాగితాల్లో దొరకకపోతే రిటైరైన అటెండర్లను అడగాలి, ఊరి ఆచారిని అడగాలి. తమ తాతలు ఏ బడికి బెంచీలు చేసిచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు, పదేళ్ళ తర్వాత ఉండరు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ 1916లో దత్తమండలాల కళాశాలగా మొదలైంది. తొలినాళ్ళ బల్ల ఒక్కటి మిగిలి ఉన్నా అది నూరేళ్ళు దాటినదే, దాన్ని కండెమ్ రాసేముందు చట్టం కూడా చూసుకోవాలి.

కొయ్యపని సంగతి వేరే. మనకు దొరికేది వేప, తుమ్మ, చింత. తుమ్మతో బండి చక్రాలు, నాగళ్ళు చేసిన చేతులు మన ఊళ్ళవి. బండ్లు, నాగళ్ళు పోయాక ఆ చేతులకు వాకిళ్ళు, కిటికీలు మిగిలాయి, ఇప్పుడు అవీ రెడీమేడ్ అయ్యాయి. మరోపక్క బెంగళూరులో ఫాంటమ్ హ్యాండ్స్ అనే కార్ఖానా అవే చండీగఢ్ కుర్చీలను మళ్ళీ చేత్తో చేయించి దేశదేశాలకు అమ్ముతోంది. మన పిల్లలు పని వెతుక్కుంటూ రైలెక్కేది ఆ బెంగళూరుకే. మండలంలో ఒక్క బడిలోనైనా విరిగిన బెంచీలు బాగుచేసే పనిని ఊరి ఆచారికి అప్పజెప్పి, పక్కన ఇద్దరు కుర్రాళ్ళను కూర్చోబెట్టి నేర్పించమంటే, కూలి అటు బెంచీలకూ ఇటు చదువుకూ సరిపోతుంది. ఎండకు పగిలిన వేప పలకకు బిళ్ళ బిగించడం వాళ్ళకు అక్కడే పట్టుబడుతుంది. రేపు బెంగళూరు వెళ్ళినా పనివాళ్ళుగా వెళ్తారు. వచ్చే వేలం నోటీసు గోడకు అంటించకముందే ఈ పని మొదలుపెట్టాలి.