కట్టడి తరగతి గడప వరకే

2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో విద్యార్థుల సెల్‌ఫోన్లను నిషేధించింది. ఉపాధ్యాయులు సైతం తరగతికి వెళ్లేముందు తమ ఫోన్లను ప్రధానోపాధ్యాయునికి అప్పగించాలన్నది. పెద్దలకూ వర్తించే నియమం కనుకనే దానికి నైతిక బలముంది. (అంతకు ఎనిమిది నెలల ముందు 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినదీ ఆ ప్రభుత్వమే!) పాఠం సాగుతుండగా బల్ల కింద ఫోను వెలగరాదు. ఇందులో వాదనకు తావు లేదు.

అయితే ఇటువంటి కట్టడి వసతి గృహాలలోకి, ముఖ్యంగా ఆడపిల్లల గదుల్లోకి పాకడం చూస్తున్నాం. కేరళలో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ఫోను వాడరాదన్న హాస్టలు నియమానికి ఫహీమా షిరిన్ అనే డిగ్రీ విద్యార్థిని తలవంచలేదు. ఆమెను హాస్టలు నుంచి వెళ్లగొట్టారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, గోప్యతా హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమన్నది.

ఇంట్లో కంప్యూటరు లేని మన పిల్లలకు ఉపకార వేతనం దరఖాస్తు, ప్రవేశ పరీక్ష ప్రకటన, పాత ప్రశ్నపత్రం అన్నీ ఆ చిన్న తెరమీదే. ఫోను తీసి దాచే పాఠశాల, పనిచేసే కంప్యూటరు గదిని సాయంత్రం వరకు తెరిచి ఉంచుతుందా? తల్లిదండ్రుల సమావేశంలో మనవారు అడగవలసిన ప్రశ్న ఇది.